సునాముఖి తన పని చేసింది

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. మదనపల్లెలో ఒక డాక్టరు నా పేగులు నాకే టీవీలో చూపించి పెట్టిన చీవాట్లు మీకు చెప్పాల. నవ్వుకోండి, పరవాలేదు.

రెండు నెలలుగా దొడ్డికి పోతే రక్తం పడుతోంది. మొలలే అని నేను, కాదని నా భార్య రత్నమ్మ. పుంగనూరు పక్కన మా పల్లె నుంచి మదనపల్లెకు ఈడ్చుకుపోయింది.

"కింది నుంచి పేగుల్లోకి కెమెరా గొట్టం పంపి చూడాలి. కేన్సర్ అవునో కాదో అప్పుడే తేలుతుంది" అన్నాడు డాక్టరు. రత్నమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని మళ్ళీ వదల్లేదు.

ముందు రోజే కడుపు ఖాళీ కావాలట. ఒక పొడి ఇచ్చినారు, రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలని.

"పొడి నాకొద్దు సార్. సునాముఖి ఆకు కషాయం తాగుతా. మా నాయన కాలం నుంచి విరేచనానికి మాకు అదే."

"సునాముఖి మంచిదే పెద్దాయనా, దాని మాత్రలు మేమూ రాస్తాం. కానీ ఆకు కొలత మీకు తెలీదు. పొడే తాగండి. నీళ్ళలాంటివి తప్ప ఏమీ తినొద్దు."

తల ఊపినాను గానీ మనసులో ఒప్పుకోలేదు.

పొడి పాకెట్ గూట్లో పెట్టేసి, పుంగనూరు అంగడిలో ఆకు తెచ్చి, పొద్దున్నే గుప్పెడు కాచినాను.

"డాక్టరు వద్దన్నాడు గదా!" అంది రత్నమ్మ.

"ఆయప్పకు పుస్తకం తెలుసు. నా కడుపు నాకు తెలుసు."

కషాయం గటగటా తాగేసినాను. పది గంటలకు మొదలైంది. అమ్మో! బాత్రూము, మంచం, మళ్ళీ బాత్రూము. తొమ్మిదిసార్ల దాకా లెక్కపెట్టి మానేసినాను. అయినా పట్టు వదల్లేదు. సాయంత్రానికి ఉత్త నీళ్ళే! సంబరం ఆపుకోలేక కేకేసినాను.

"రత్నా, వచ్చి సూడు! మన బోరు నీళ్ళ కంటే తేటగా ఉండాది!"

"నీకు సిగ్గుండాదా? తలుపేసుకో!"

గెలిచినాను గదా, ఆకలేసింది. కుండలో రాగి అంబలి ఉంది.

"ఏమీ తినొద్దన్నాడు!"

"ఇది తినేదా? నమిలితే గదా తిండి. అంబలి తాగేది."

"ఫోన్ చేసి అడుగుదాం."

"అంబలి సంగతి నాకు ఒకరు చెప్పాల్నా?"

మజ్జిగ పోసుకుని ఒక చెంబు. పడుకోబోయే ముందు ఇంకో చెంబు.

మరుసటి రోజు నన్ను బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టినారు. ఎదురుగా టీవీ. గొట్టం పోతావుంటే కొంత దూరం గులాబీ రంగులో బాగా మెరిసింది. చూసినారా నా ఆకు, అనుకున్నాను. అంతలో తెర నిండా బురద!

"ఏం తిన్నావు పెద్దాయనా?"

"ఏమీ తినలేదు సార్."

"మరి ఇదేంది?"

నేనూ చూసినాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న రంగు, నాకు తెలీదా!

"రాగులు సార్. తినలేదు. తాగినాను."

నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వలేదు. "అంత చెప్తే వినవా? దీని వెనక గడ్డ కూర్చోనున్నా నాకు కనపడదు" అని గొట్టం లాగేసినాడు.

బయట బెంచీ మీద రత్నమ్మ లేచి నిలబడింది. "ఏమన్నాడు? అదేనా?"

"తెలీదు."

"చూసినారు గదా?"

"అంబలి అడ్డమొచ్చింది."

ఆమె మళ్ళీ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

పంతొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఈసారి పొడి రెండు లీటర్లూ, రత్నమ్మ ఎదురుగా కూర్చోనుంటే, నోరెత్తకుండా తాగినాను. చిన్న కండ కనపడితే కత్తిరించి పరీక్షకు పంపినారు. కేన్సర్ కాదు.

నా రెండు చెంబుల అంబలికి రత్నమ్మ పంతొమ్మిది రోజులు సరిగా నిద్రపోలేదు.