అవ్వకు చదివి వినిపించిన నవల

ఆత్మకూరు బస్టాండులో కొన్న నవలను ఈ రోజు చర్చి నుంచి వచ్చాక మా అవ్వకు చదివి వినిపించాను. మా మాలపల్లె గురించి రాశారని నా సంబరం. అందులో కరువొచ్చిన ఏట ఒక పిల్ల ఎండిన బావిలోకి తొంగి చూస్తుంది. నేను పేజీ తిప్పేలోగా, "లోపల్నించి చచ్చిపోయిన మా యమ్మ నన్ను పేరు పెట్టి పిలిచినాది" అంది అవ్వ. తిప్పి చూస్తే ఆ పిల్ల మాటగా అక్షరాలా అదే వాక్యం. అవ్వకు చదువు రాదు.

"నీకెట్ట తెలుసవ్వా?"

"నా కతే గదరా. ఎవరో పెద్దకులపాయన వచ్చి, మన అరుగు మీద మూడు దినాలు కూసోని రాసుకోని పోయినాడు."

"నువ్విచ్చిన నీళ్లు గటగటా తాగినానని ముందుమాటలో రాసుండాడే!"

"గ్లాసన్నా ముట్టుకోలా."

చివరి పేజీ చదవమంది. అందులో ఆ పిల్ల ముసలమ్మై చనిపోయింది. ఆ మాట దగ్గర ఆపేశాను. అవ్వ పుస్తకం వైపే చూస్తూ, "ఆపినావేందిరా? నేను ఎట్ట పోయినానో చదువు" అంది.

మీ అరుగు మీద కూడా ఎవరైనా కూర్చుని రాసుకుపోయి ఉంటే చెప్పండి. పుస్తకం దొరికితే మాత్రం, చివరి పేజీ ముందు మీరొక్కరే చదువుకోండి.