అల్మాజ్ గోడకెత్తిన డాలు

అల్మాజ్ పోయిందని నాకు మొదట చెప్పింది రమణమ్మ. మా ఊరిదే, ఇక్కడ గల్ఫ్‌లో నాలాగే పక్కవీధి ఇంట్లో పనిచేస్తుంది. పచ్చి కాఫీగింజలు వేయిస్తున్నాను, పెనం మీద వాసన అప్పుడే లేస్తోంది, ఫోన్ మోగింది. "అక్కా, ఆ మంత్రాల హబషీ ఆమె లేదూ, వాళ్ల దేశంలో సచ్చిపోయిందంటక్కా." పొయ్యి ఆర్పేశాను. చావు ఏడిపించింది, ఆ 'మంత్రాల హబషీ' అన్న మాట మండించింది.

అల్మాజ్‌ది ఇథియోపియా, ఆ దేశంవాళ్లనే ఇక్కడ హబషీలంటారు. ఇక్కడి రిగ్గై పేటలో నేను చేరిన మొదటి ఇంట్లో వంట ఆమెదే. నేను బడి ముఖం చూడలేదు, అమ్మమ్మ ఇంట్లో దిద్దించిన అక్షరాలే నా చదువు. అరబ్బీ ముక్క రాదు. మొదటి శనివారమే ఇంటి యజమానురాలు, మేం 'మామా' అని పిలిచే ఆమె, కోడికూర అన్నం చేతికిచ్చింది. శనివారం నీసు ముట్టనని చెప్పే మాట రాక నిలబడిపోయాను. నా ముఖం చూసి పోల్చుకుని అల్మాజే అడ్డొచ్చింది; ఏమందో నాకు తర్వాత తెలిసింది. "దీనికి ఈరోజు ఉపవాసం మామా. నాకు బుధవారం, శుక్రవారం లేవా? అట్లాగే." తర్వాత పప్పుగిన్నె నా ముందుకు జరిపి, మాటా సైగా కలిపి చెబుతూ నవ్వింది. "దేవుడు నోరు తినడానికే ఇచ్చాడా పిల్లా? 'లా' అనడం నేర్చుకో." లా అంటే అరబ్బీలో కాదు, వద్దు అని.

ఆ ఇంట్లో మగవాళ్లు అతిథులతో కూర్చునే దివానియా గోడకు, వెండిరేకులు తాపిన గుండ్రటి తోలుడాలు ఉండేది. బాబా, అంటే ఇంటి యజమాని, ఎక్కడో కొన్నాడట. నాకు కాస్త అరబ్బీ పట్టుబడ్డాక, ఒక విందునాడు మామా దాన్ని దించి, వెల్లకిలా పెట్టి, ఖర్జూరాలు పోయమంది. అల్మాజ్ చేతులు కట్టుకుంది.

"ఇది తట్ట కాదు మామా. మా దేశంలో రాజు మెచ్చిన వీరుడికే ఈ వెండి. మా ముత్తాత పోయినప్పుడు ఆయన డాలును శవం ముందు మోశారంట. దీంట్లో ఎట్లా తింటారు?"

డాలు తుడిచి మళ్లీ మేకుకు తగిలించింది. శిలువ గుర్తు వేసుకుని దండం పెట్టుకుంది.

"సిహ్ర్!" మామా కేకపెట్టింది. చేతబడి అని. నన్ను పిలిచి, "మంత్రాలు చదివింది, చూశావు కదా?" అని గద్దించింది.

"లా మామా. మేమూ దసరాకు కొడవలికి బొట్టు పెట్టి మొక్కుతాం. మొక్కుకునింది, అంతే."

"నువ్వూ దాని జతేనా? నోర్మూయ్!"

సాయంత్రానికల్లా అల్మాజ్‌ను పంపించేశారు. సంచి భుజాన వేసుకుంటూ, "వచ్చేసిందే నీకు 'లా'!" అని నా చెంప తట్టింది. చేతబడి మనిషన్న పేరు ఆమెకంటే ముందే నడిచింది, ఏ ఇల్లూ ఆమెకు తలుపు తీయలేదు. పనిలేక తన దేశం తిరిగిపోయింది. దండం పెట్టిన చేతులకా ఆ నింద?

మామా సరే. అమ్మవారికి పొంగలి పెట్టే మనవాళ్లకేమైంది? ఫోన్‌లో రమణమ్మను అదే అడిగాను.

"అందురూ అంటాంటే అన్న్యాక్కా..."

"అందురూ అంటే నువ్వూ అంటావామే? ఆమెకు పేరు లేదా?"

ఇప్పటికీ తల వంచుకునే పనిచేస్తాను. అయినా, కానిదాన్ని అవుననను. ఆ ధైర్యం ఆమె పెట్టిన భిక్ష. ఇది చదివిన తల్లులారా, మీరు ఏ దేవుడి ముందు దీపం వెలిగించినా, అల్మాజ్‌ను ఒక్కసారి పేరు పెట్టి తలచుకోండి.