పెద్దోణ్ణి దింపిన చోటు

ఆ బండి జగన్ కోరుకున్నది కాదు, అతని మెడకు పడింది. శంషాబాద్‌లో మా వాడకట్టున ఎవరినడిగినా కాకి వల్ల పడిందంటారు. నన్నడిగితే విమానం వల్ల అంటాను.

అతని అన్న రవీందర్ పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయాడు. ఆరడుగుల మనిషి, ఎప్పుడో పోయిన తండ్రి జంగయ్య పోలిక. జగన్‌ది తల్లి చంద్రమ్మ పోలిక, ఐదడుగుల మీద రెండంగుళాలు. ఇంట్లో వాళ్ళను పేర్లతో పిలిచేవాళ్ళు లేరు. ఒకడు పెద్దోడు, ఒకడు చిన్నోడు. వయసును బట్టి పెట్టిన పిలుపులే అయినా ఇద్దరూ పక్కపక్కన నడిచొస్తుంటే వాడకట్టంతా నవ్వేది. జగన్ కూడా నవ్వేవాడు. అన్న పక్కన ఉన్నంతకాలం పొట్టితనం అతనికొక బరువు కాలేదు.

రవీందర్ ఎయిర్‌పోర్టు దగ్గర కిరాయి కారు నడిపేవాడు. రోజంతా పరాయివాళ్ళ సూట్‌కేసులు మోసి మోసి, తనకంటూ ఒక్క బండి కావాలనుకున్నాడు. నీలం రంగుది, పెట్రోలు ట్యాంకు మీదికి వంగి కూర్చునేది, వెనక సీటు తేలు తోకలా పైకి లేచి ఉండేది. షోరూంలో బుక్ చేశాడు. బండి రాకముందే తను పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. ఎయిర్‌పోర్టు గోడ పక్కన, ఇంకా ఎవరూ ప్లాట్లు చేయని బీడులో విస్తరి పరిచి అన్నం, మటన్ కూర, కల్లు, అతను తాగే సిగరెట్లు పెట్టారు. మా దగ్గర కాకి ముట్టేదాకా ఎవరూ ఇంటికి పోరు. ముట్టలేదంటే పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు బతికినవాళ్ళు ఒక్కొక్కరే ఆ కోరికను ఊహించి, తీరుస్తామని గట్టిగా మాటివ్వాలి. ఏ మాటకు కాకి దిగితే అదే అతని కోరిక.

ఆ రోజు కాకులు రాకపోలేదు. వచ్చి కరెంటు తీగ మీద వాలాయి. దిగబోయేసరికి నెత్తిమీద విమానం, చక్రాలు కనపడేంత కిందికి. చెల్లాచెదురైపోయాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ విమానం.

"వాని పానం దేని మీదనో కొట్లాడుతున్నది. మాటియ్యిండ్రి," అన్నాడు కులపెద్ద కుర్మయ్య.

"అమ్మను మంచిగ సూస్కుంటంరా," అన్నారు చుట్టాలు. కాకి రాలేదు. "నీ పేరు మీద అన్నం పెడ్తం కొడుకా," అంది చంద్రమ్మ. రాలేదు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు జగన్ లేచి నిలబడ్డాడు.

"అన్నా, నీ బండి నేను తెస్త. ఎవ్వలకియ్య. నేనే నడుపుత. నిన్ను ఎనక కూసోబెట్టుకొని తిప్పుత."

కాకి దిగింది. ముందు కూర ముట్టింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

రెండు విమానాల నడుమ కాస్త ఎక్కువ సందు దొరికిందంతే. ఆ మాట నేను అక్కడే అన్నాను. "పుస్తకాలు సదివి సదివి వీనికి కాకులు గూడ కనవడ్తలెవ్వు," అన్నాడు కుర్మయ్య. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

బండి తెచ్చుకునే రోజు జగన్ వెంట నేనూ పోయాను. షోరూం అతను జగన్‌ను కింది నుంచి పై దాకా చూశాడు. అందులో పెద్ద దూరమేమీ లేదు. "సార్, మీ హైటుకి ఇది కొంచెం కష్టమండి. స్కూటర్ చూపించమంటారా? చాలా కంఫర్టుగా ఉంటుంది," అన్నాడు. జగన్ బండెక్కాడు. రెండు బూట్ల కొనలు నేలను గీరాయి. మడమలు గాలిలో ఉన్నాయి. బండి ఎడమకు ఒరిగింది. నేనూ షోరూం అతనూ చెరోవైపు పట్టుకోవలసి వచ్చింది.

ఇంటి ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది చంద్రమ్మ. పసుపు, కుంకుమ అద్దింది. ముందు సీటుకు కాదు, వెనక సీటుకు. తర్వాత ఆ సీటు మీద చెయ్యి పెట్టి, "ఈడ ఎవ్వలు కూసోవద్దు చిన్నోడా. ఇది వాని జాగ," అంది.

పొట్టివాడికి అలాంటి బండి నడుస్తున్నంతసేపు కష్టమేమీ లేదు. గాలిలో అందరూ సమానమే. ఆగినప్పుడే తెలుస్తుంది ఎవరి ఎత్తెంతో. జగన్ సిగ్నల్ లైటు చూడటం మానేశాడు, నేలను చూడటం మొదలుపెట్టాడు. రోడ్డు ఎప్పుడూ అంచుకు వాలి ఉంటుంది, ఎడమకాలికి నేల ఇంకాస్త దూరం. అందుకని ఫుట్‌పాత్ గట్టు ఎక్కడుందో, తారు ఎక్కడ ఉబ్బిందో చూసుకొని అక్కడికే బండిని చేర్చేవాడు. గట్టు లేనిచోట నడుమును సీటు మీంచి సగం కిందికి జార్చి, ఒక్క కాలు మాత్రం పూర్తిగా ఆనించి, రెండోదాన్ని పైనే ఉంచేవాడు. చూసేవాళ్ళకు పడిపోబోతున్నట్టే ఉండేది. ఆటోవాళ్ళు ఊరుకుంటారా? "అన్నా, స్టూలు గిట్ల తేవాల్నా?" "ఏ, బండిని మీ బాపు నడుపుతడేమో, కొడుకును కూసోబెట్టి పోయిండు!"

ఇద్దరం ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు ఎత్తే పని చేస్తాం. నేను ఎయిర్‌పోర్టు పనివాళ్ళందరూ ఎక్కే కంపెనీ బస్సులో పోతాను. అతని వెనక సీటు ఖాళీగా పోతుండేది. నేనొక్కసారే అడిగాను. "జాగ లేదన్నా," అన్నాడు, ఖాళీ సీటు నా కళ్ళముందే ఉండగా. చాలా రోజులు కోపంగా ఉన్నాను.

ఒక మధ్యాహ్నం డబ్బాలు విప్పుకొని కూర్చున్నప్పుడు తనే చెప్పాడు. సిటీకి పోయే తోవలో సాతంరాయి దగ్గర ముందుపోయే బస్సు ఉన్నట్టుండి ఆగిందట. ఇతనూ బ్రేకు వేశాడు. కాలు పెట్టబోతే కింద గుంత. కాలికి ఏమీ దొరకలేదు. బండి ఒరిగింది.

"పోయిన అనుకున్న. ఆగింది."

"ఆగుడేంది?"

"ఒరిగింది ఒరిగినట్టే ఆగింది. నా కాలు కిందలేదు. ఎనకనుంచి ఎవలో పొడుగుకాళ్ళోడు ఆనిచ్చినట్టు."

"బరువు లెక్కలుంటయి జగన్. ఒక్కోసారి అట్లయితది."

"అయితది," అన్నాడు. "రోజూ అయితదా?"

నేను అన్నం కలుపుకున్నాను. అతను భయపడుతున్నట్టు లేడు. అదే నాకు నచ్చలేదు. ఆ తర్వాత గమనించాను. అతను కాలు ఆలస్యంగా పెట్టేవాడు. గట్ల కోసం, ఉబ్బుల కోసం వెతకడం తగ్గించాడు. వెనకున్నవాడు చూసుకుంటాడన్నట్టు ఆగేవాడు. ఇంటి దగ్గర చంద్రమ్మ రోజూ పొద్దున వెనక సీటు మీది దుమ్మును కొంగుతో తుడిచేది. సాయంత్రం బండి చప్పుడు వినగానే బయటికొచ్చి, ముందు ఆ సీటు వైపు చూసి, తర్వాతే కొడుకు మొహం చూసేది. ఆ ఇంట్లో బతికినవాడు రెండోవాడైపోయాడు.

అట్లాగే సాగేదేమో, పూర్ణిమ లేకపోతే.

పూర్ణిమది రాజేంద్రనగర్. ఎయిర్‌పోర్టు లోపల చీరల దుకాణంలో పని. ఎవరు ముందు మాట్లాడారో తెలియదు కాని, పెళ్ళి మాట దాకా వచ్చారు. ఆమెకొకటే పట్టింపు. "ఊరందరు నవ్వుతున్నరు జగన్. నువ్వు బండి మీద, నేను నీ పక్కన నడుసుకుంట. నన్నెప్పుడు ఎక్కించుకుంటవ్?" అతను ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు.

ఒకనాడు డ్యూటీ దిగి వస్తుంటే బస్టాపు దగ్గర ఆమె అడగకుండానే వెనక ఎక్కి కూర్చుంది. జగన్ సిద్ధంగా లేడు. మునికాళ్ళ మీద ఉన్నాడు. ఇద్దరూ పడ్డారు. ఆమె మోచెయ్యి చర్మం లేచిపోయింది. ఆమె కంటే ముందు జగన్ వెనక సీటువైపు చూశాడు. నేను అక్కడే ఉన్నాను. పూర్ణిమ కూడా ఆ చూపు చూసింది.

"ఎవలున్నరు ఆడ?" అంది.

"మా అన్న," అన్నాడు జగన్, బండి లేపుతూ.

"సచ్చిపోయినోనికి జాగున్నది, నాకు లేదు. గంతేనా? నువ్వు రెండు కాళ్ళు భూమికి ఆనించే బండేసుకొని రా. గప్పుడు మాట్లాడుదం. లేకుంటే ఇగ నన్ను పరేషాన్ చెయ్యకు."

నేను కూడా ఆమె వైపే మాట్లాడాను. చాలా మాట్లాడాను. చనిపోయినవాడు చనిపోయాడనీ, కాకికి ఆకలి తప్ప ఏమీ తెలియదనీ, అతనికి బతకడానికి ఒక్కటే జీవితం ఉందనీ చెప్పాను. తర్వాతి సెలవునాడు కాటేదాన్‌లో మల్లేశ్వర్ షెడ్డుకు నేనే తీసుకుపోయాను. మల్లేశ్వర్ పాత మెకానిక్. సీటు విప్పి స్పాంజి కోశాడు. వెనక షాక్ అబ్జార్బర్ దగ్గర పొడుగు పట్టీలు వేసి బండి వెనకభాగాన్ని దించాడు, ముందుభాగాన్ని దానికి సరిగ్గా సర్దాడు. దిగిన బండికి పాత స్టాండు పొడుగైపోతుంది, బండి అటువైపు పడిపోతుంది. అందుకని స్టాండును కోసి వెల్డింగ్ చేశాడు.

జగన్ ఎక్కాడు. రెండు పాదాలు, మడమలతో సహా, నేలమీద ఆనాయి. నేనతని మొహం చూశాను. సంతోషం ఉంటుందనుకున్నాను. గదిలోంచి ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు చూస్తున్నాడు.

ఆ రోజు నన్ను వెనక ఎక్కించుకున్నాడు. సాతంరాయి దగ్గర బండి పక్కకు ఆపి, రెండు కాళ్ళూ ఆనించి కాసేపు ఊరికే నిలబడ్డాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. అల్కగున్నది."

ఇంటి ముందు చంద్రమ్మ ఉంది. బండిని చూసింది. దిగిన సీటును చూసింది. నేను వెనకనుంచి దిగడం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నెమ్మదిగా అడిగింది.

"పెద్దోణ్ణి యాడ దింపినవ్ కొడుకా?"

చావు కబురు విన్ననాడు కూడా ఆమె గొంతు అట్లా లేదు. దింపలేదు అని అతను అనవచ్చు. ఎవరినమ్మా అనవచ్చు. జగన్ అబద్ధం చెప్పలేని మనిషి. తోవలో తనకు ఎక్కడ తేలికైందో అదే చెప్పాడు.

"సాతంరాయి కాడ."

ఆమె తలూపి లోపలికి పోయింది.

పూర్ణిమ రెండుమూడు సాయంత్రాలు ఆ బండెక్కింది. నవ్వుతూ పోవడం కంపెనీ బస్సు కిటికీలోంచి చూశాను. ఆటోవాళ్ళకు అనడానికి మాటల్లేకపోయాయి. నా మాటే గెలిచిందనుకున్నాను.

తర్వాత ఒక పొద్దున పనిమీద సిటీకి పోతుంటే, సాతంరాయి దగ్గర బెంగళూరు హైవే పక్కన చంద్రమ్మ నిలబడి కనిపించింది. చేతిలో టిఫిన్ డబ్బా. లారీల దుమ్ము ఆమె మీదుగా పోతోంది. బస్సు దిగి పరుగెత్తాను.

"పెద్దమ్మా, ఈడేం జేస్తున్నవ్?"

"పెద్దోడు ఈడ దిగిండట బిడ్డా. ఈ ఊర్ల వానికి ఎవలున్నరు? సుట్టాలు గూడ లేకపాయె. ఏం తిన్నడో ఏమో."

"ఇంటికి తొవ్వ తెల్వదా పెద్దమ్మా వానికి?" అన్నాను, ఏమనాలో తెలియక.

ఆమె నన్ను జాలిగా చూసింది. "తెలుసు. ఎందుకు తెల్వదు? గని మాటిచ్చి బండి మీద ఎక్కించుకున్నోళ్ళం, బండి మీదనే తీస్కపోవాలె గదా. నడిపించుకుంటమా?"

రోజూ వస్తోందట. జగన్ డ్యూటీకి పోగానే బస్సెక్కి వచ్చేది, అతను తిరిగొచ్చేలోపల ఇల్లు చేరేది. ఎదురుగా ఉన్న హోటల్ అతను చెప్పాడు. ఎండకు ఒకసారి కూలబడితే నీళ్ళు చల్లి లేపారట. డబ్బాలో అన్నం అట్లాగే ఉండేదట. ఇంటికి రమ్మని బతిమాలాను, దవాఖానకు పోదామన్నాను. పుస్తకాల్లో నేర్చిన మాటలన్నీ చెప్పాను. ఆమె రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.

సాయంత్రం జగన్‌కు చెప్పాను. డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా అటునుంచటే కాటేదాన్ పోయాడు. నేనూ వెంటపడ్డాను.

మల్లేశ్వర్ నవ్వాడు. "ఏందన్నా మళ్ళొచ్చినవ్? కాళ్ళు పెరిగినయా?"

"పెరగలే. పెంచు."

"కాళ్ళా?"

"బండి. ఎట్లుండెనో గట్ల చెయ్యి."

మల్లేశ్వర్ నవ్వు ఆపి నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. పాత పట్టీలు వెతికి వేశాడు. కోసిన సీటులో కొత్త స్పాంజి నింపాడు. కోసిన స్టాండుకు ముక్క అతికించాడు. బండి మళ్ళీ తోక ఎత్తుకొని నిలబడింది.

పూర్ణిమ మర్నాడు బస్టాపులో చూసింది. దగ్గరికి రాలేదు. "ఇగ నేన్యాడ కూసోవాలె జగన్?" అని దూరం నుంచే అడిగింది. ఆమె కంపెనీ బస్సెక్కి నా ముందు సీటులో కూర్చుంది. మోచేతి మీద మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది. దిగేదాకా కిటికీ వైపే చూసింది.

ఆ తర్వాతి పొద్దున నేను ఆటో మాట్లాడుకొని ముందే సాతంరాయి చేరాను. చంద్రమ్మ తన చోట తను ఉంది. జగన్ వచ్చాడు. గట్టులేని చోటే ఆపాడు. నడుము పక్కకు జార్చి, మునివేళ్ళతో నేలను వెతుక్కొని, బండిని ఎట్లాగో నిలబెట్టాడు. కాలి పిక్క వణకడం నాకు కనిపిస్తోంది.

"అమ్మా, అన్నను తీస్కపోతున్న. నువ్వు ఆటోల రా," అన్నాడు.

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది. సీటు మీద దుమ్మును కొంగుతో తుడిచింది. డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసుకుంది.

"జర ముందట్కి జరుగు చిన్నోడా. వానియి పొడుగుకాళ్ళు."

జగన్ జరిగాడు. ట్యాంకుకు పొట్ట ఆనేదాకా జరిగాడు. కాలి మునివేళ్ళు కూడా ఇప్పుడు నేలకు అందీ అందనట్టున్నాయి. అతని వీపు వెనక మిగిలిన ఖాళీలో నేను పట్టేవాణ్ణి. పూర్ణిమ పట్టేది. బండి కదిలింది.

మేం ఆటో ఎక్కాం. ముందు జగన్ పోతున్నాడు, మెల్లగా, ఎడమ అంచునే. మా ఆటో దాటబోయింది. చంద్రమ్మ ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది.

"మెల్లగ పో బిడ్డా. ముందట నా కొడుకులు పోతున్నరు."

డ్రైవరు ముందుకు చూశాడు. అద్దంలో నన్ను చూశాడు. వేగం తగ్గించాడు.