మార్తమ్మ దాచుకోని ఇన్సులిన్

ఇన్సులిన్ కోసం ఈ వారంలో మూడోసారి తిరుమలగిరి డిస్పెన్సరీకి వెళ్లాను. ఇంట్లో సీసా నిన్నటితో అయిపోయింది.

"డాక్టర్ సాబ్ లీవుల ఉన్నడు. చీటీ మీద కొత్త సంతకం లేకుంటే మందియ్యనీకి రాదు. సోమారం రాండ్రి" అన్నాడు కౌంటర్ మనిషి. ఫరో ముందు మోషేలా నిలబడి గర్జించాను. అతను కిటికీ మూసేశాడు.

వెనక వరసలోంచి దానియేలన్న నా భుజం తట్టాడు. గతుక్కుమన్నాను. నిరుడు మల్కాజ్‌గిరి ప్రార్థన కూటంలో వాక్యం చెబుతూ ఆయన భార్య మార్తమ్మను నిలబెట్టి, రేపటి కోసం ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకోవడం అవిశ్వాసమని గద్దించింది నేనే. ఆమె దాచడం మానేసింది. తర్వాత ఓసారి ఇలాగే మందు ఆలస్యమైంది. నాలుగో రోజు ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

"పరేషాన్ గాకుండ్రి బ్రదర్. మీదీ నాదీ ఒకటే మందు గద. ఇంట్ల రెండు సీసాలు ఎక్కువున్నయ్, ఒకటి తీస్కపోండ్రి."

"మరి మీకు?"

"ఆమె పోయిన కాడ్నించి నేను దాస్తున్న."

యేసు చెప్పిన ఉపమానంలో, దీపాలకు నూనె దాచుకున్న బుద్ధిగల కన్యకలు కూడా దాన్ని పంచలేదు. ఈయన పంచాడు, ఒక్క మాట అనకుండా. ఆ సీసా ఇప్పుడు మా ఫ్రిజ్‌లో ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా మార్తమ్మ ఆ రోజులాగే తల వంచుకుని నిలబడి ఉంటోంది.

మన కూటంలో ఇన్సులిన్ వాడేవాళ్లు మీ ఇంట్లో ఎన్ని సీసాలున్నాయో చూసి ఈ పోస్టు కింద రాయండి. ఈసారి అవిశ్వాసం అనను.