గొట్టంలో కనిపించిన ఖాళీ

మా నాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిన ఏడాదే ఆయన ఆకాశం గురించి రాయడం మొదలుపెట్టాడు. తొంభైల చివరి మాట. బడిపంతులుగా జూపాడు బంగ్లా, బండి ఆత్మకూరు అంటూ బదిలీల మీద తిరిగిన మనిషి. ఊరు మారినప్పుడల్లా నా చదువు ఆగిపోకూడదని నన్ను ఇంట్లోనే చదివించాడు. అక్షరాలు, లెక్కలు, ప్రార్థన, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ మేలుకు దేవునికి స్తోత్రం చెప్పని రోజు నాకు లేదు. ఆయన రిటైరయ్యాక, అమ్మ కూడా పోయాక, ఇద్దరం ఆళ్ళగడ్డలో అద్దెకుండేవాళ్ళం. ఇంటి పక్కనే రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు.

ఒక ఆదివారం పేపరులో వ్యాసం చదివి వినిపించాను. చుక్కల గుంపుల నడుమ ఏమీ లేని మహా శూన్యాలున్నాయని, బరువైన వాటి పక్కగా వచ్చే వెలుతురు వంగుతుందని అందులో రాశారు. నాయన ఒప్పుకోలేదు.

“శూన్యమనేది ఉండదు పాపా. దేవుడు అంత చోటు ఊరికే వదిలిపెడ్తాడా? ఆడ ఏదో ఉండాది. వెలుతురు దాన్ని చుట్టుకోని పక్కకు పోతాండాది. మన దాకా రాకపోయేసరికి మనం ఖాళీ అనుకుంటాండాం.”

“బరువుకు వంగుతాదని రాసినారు గదా నాయనా?”

“బకెట్ నీళ్ళలో కట్టె వంగినట్టు కనపడేది బరువుకేనా? ఎండాకాలం నంద్యాల రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు అగపడేది బరువుకేనా? ఆకాశం యాడో పల్చన, యాడో చిక్కన. అంతే.”

దాన్ని రుజువు చేయడానికి ఆయనకు కళ్ళు లేవు. నా కళ్ళే దిక్కయ్యాయి. పాత క్యాలెండరును గొట్టంలా చుట్టి ఇచ్చాడు. సాయంత్రం ప్రార్థన అయ్యాక, కరెంటు పోయిన వేళ మిద్దెక్కి, ఎడమ కన్ను మూసి, కుడి కంటికి గొట్టం పెట్టుకుని చూసింది చూసినట్టు చెప్పేదాన్ని. కింద లాంతరు పక్కన పడక్కుర్చీలో కూర్చుని ఆయన నోటుబుక్కులో పెద్ద పెద్ద అక్షరాలతో తేదీ వేసి రాసుకునేవాడు.

మొదటి వారం చుక్కలే కనిపించాయి. రెండో వారం గొట్టం నడిమధ్య ఒక ఖాళీ కనిపించింది. చిన్నది, బియ్యపు గింజంత. దాని అంచున ఉన్న చుక్కలు పక్కకు జరిగినట్టున్నాయి.

“అదే! అదే నేను చెప్తాండేది!” అని ఆయన కుర్చీలోంచి లేచాడు. అమ్మ పోయాక ఆయన అంత గట్టిగా నవ్వడం వినడం అదే మొదటిసారి.

రోజురోజుకూ ఖాళీ పెరిగింది. గింజ చింతపిక్కంత అయింది. పడమటి వైపు చూసినా ఉంది, తూర్పు వైపు చూసినా ఉంది. నాకు లోపల గుబులు మొదలైంది. ఆకాశంలో ఉన్నదైతే ఒకచోట ఉండాలి కదా. ఆయన మాత్రం అంతటా శూన్యాలే కనపడుతున్నాయని మురిసిపోయి, కర్నూలులో తెలిసిన సైన్సు మాస్టారికి ఉత్తరం రాయించాడు.

మరునాడు పొద్దున షెడ్డులో శిల్పి ఒక బండ మీద గీత కొట్టడానికి ఎర్రమన్ను నీళ్ళలో ముంచిన దారం లాగి కట్టాడు. నన్ను చూసి నవ్వాడు.

“మీ నాయనకు చుక్కలు చూపిస్తాండావంట గదమ్మా. మా దారం కూడా రోంత చూసిపో. సూటిగా ఉండాదా?”

అలవాటుగా ఎడమ కన్ను మూసుకున్నాను.

“నడుమ వంకర పోయింది గదన్నా. ఒకచోట తెగినట్టు కూడా ఉండాది.”

“ఏందీ? తెగేంత బిగించి కట్టినా! దారానిది కాదులే వంకర, నీ కంటిది!”

శిల్పి ఎగతాళికే అన్నాడు. నేను రెండో కన్ను తెరిచాను. దారం సూటిగా ఉంది. మళ్ళీ మూశాను. వంగింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని గోడను, గడపను, నా అరచేతిని చూశాను. ఎక్కడ చూస్తే అక్కడే ఆ ఖాళీ.

మూడు రోజులు చెప్పలేదు. గొట్టం పట్టుకుని మిద్దెక్కి, ఉన్నదే చెప్పాను. ఖాళీ ఉందని చెప్పడం అబద్ధం కాదు. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. రెండో కంటికి కూడా వస్తే ఈ ఇంట్లో ఇద్దరు గుడ్డివాళ్ళకు అన్నం వండేదెవరు? ప్రార్థనకు మోకరిస్తే మాట రాలేదు. నాలుగో రోజు కాఫీ ఇస్తూ చెప్పేశాను.

నాయన గ్లాసు పక్కన పెట్టాడు. తడుముకుంటూ వచ్చి నా ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టాడు.

“నా తట్టు చూడు. ఏం కనపడ్తాండాది?”

“చెవులు కనపడ్తాండాయి నాయనా.”

“మొగం?”

“లేదు.”

ఆయన చెయ్యి తీసేశాడు. “ఇన్నాళ్ళూ చెప్పలేదేమే!” అని కసిరి, వెంటనే నోటుబుక్కు వెతుక్కుని చంకలో పెట్టుకున్నాడు. “చెప్పులేసుకో. నంద్యాల బస్సుకు పోదాం.”

కళ్ళ డాక్టరు చుక్కల మందు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూశాడు. కంటి వెనక పొర కింద నీరు చేరి పొర పైకి లేచిందని, అందుకే గీతలు వంగుతున్నాయని చెప్పాడు. ఎప్పటి నుంచి అని అడిగితే నాయన నోటుబుక్కు తెరిచాడు. గింజంత, చింతపిక్కంత, రోజుకొక తేదీ. డాక్టరు పేజీలు తిప్పి, “ఆకాశం అని రాసుంది, ఇదేమిటి?” అన్నాడు.

“నేను ఆకాశం అనుకుంటి సార్. నా బిడ్డ కంటి జబ్బంట. బేగా చెప్పండి, రెండోది నిలుస్తాదా?”

ఎక్కువ మందికి కొన్ని నెలల్లో నీరు దానంతటదే ఇంకిపోతుందని, కొందరికి మచ్చ మిగులుతుందని, రెండో కంటి సంగతి ఇప్పుడే చెప్పలేనని డాక్టరు అన్నాడు. రోజూ పొద్దున కిటికీ ఊచలు ఒక్కో కంటితో చూసుకోమని, తేడా ఉంటే వెంటనే రమ్మని పంపించాడు.

మర్నాడు తెల్లారింది. నాయన నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కుడి కంటి ముందు ఊచలు నిన్నటిలాగే వంకరగా ఉన్నాయి. చెప్పాను, రాసుకున్నాడు.

“ఇంగ రెండోది,” అన్నాడు.

“ఉండు నాయనా. ముందు స్తోత్రం చెప్పుకోనీ.”

“చూసినాక చెప్పుకోగూడదా?”

చూశాక నోరు వస్తుందో రాదో నాకే తెలియదు. నాయన పెన్ను పట్టుకునే తల వంచాడు. ఇద్దరం స్తోత్రం చెప్పుకున్నాం. ఆమెన్ అన్నాక కుడి కంటి మీద చెయ్యి పెట్టుకుని, ఎడమ కన్ను ఇంకా తెరవకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.