ప్లాస్టిక్ పొక్లెయిన్

డిప్లొమా చేతికొచ్చాక ఆటోనగర్‌లో నేను ఎక్కని షెడ్డు గుమ్మం లేదు. ఎక్కడికెళ్ళినా ఒకటే పాట, ఆడపిల్లవి ఇక్కడేం చేస్తావమ్మా అని. ఏం చేస్తాను, మెకానికల్ చదివిన మగపిల్లలు ఏం చేస్తారో అదే చేస్తాను. ఆ జవాబు నాలిక చివరిదాకా వచ్చేది. అయితే ఆ షెడ్లన్నిట్లో మా నాన్నని ఎరిగినవాళ్ళే ఉండేవాళ్ళు. నా నోటి దురుసు ఆయన పని మీదకి వస్తుందేమోనని మింగేసి, సరేనండి, వస్తానండి అని బయటపడేదాన్ని. ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించేదాన్ని ఆ కోపమంతా.

తొంభైల చివర్లో సంగతి ఇది. నాన్న పొక్లెయిన్ల మెకానిక్కు. ఒకప్పుడు డెల్టాలో ఏ మూల బండి ఆగిపోయినా జీపు పంపించి తీసుకెళ్ళేవాళ్ళు ఆయన్ని. నా చదువు అయ్యేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. బండి కిందకి దూరితే పైకి లేవటానికి ఎవరో ఒకళ్ళు చెయ్యి అందించాలి. కుర్ర మెకానిక్కులు వచ్చారు, ఆయనకి పిలుపులు తగ్గాయి. అమ్మ గవర్నర్‌పేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఇల్లు ఆమె మీదే నడుస్తోందని మా ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్ళం కాదు.

ఎన్నాళ్ళు చూస్తుంది అమ్మ మాత్రం? చర్చిలో తెలిసినావిడతో మాట్లాడి ఒక చీరల కొట్లో నాకు పని ఖాయం చేసింది. పెళ్ళిళ్ళ సీజను మొదలవగానే చేరాలి. చీరలు మడతపెట్టటం తప్పు పనని నేననను. కానీ ఒకసారి ఆ గుమ్మం లోపలికి వెళ్తే ఇక జన్మలో యంత్రం ముట్టుకోనని నాకు అర్థమైపోయింది. ఆ నెలలన్నీ అన్నం సహించేది కాదు. ప్రార్థనలో మోకరించినా ఏం అడగాలో తెలిసేది కాదు.

సరిగ్గా అప్పుడే అమ్మ ఒక గోనెసంచి మోసుకొచ్చింది. వాళ్ళ డాక్టరుగారి పిల్లలు పెద్దవాళ్ళయ్యారట. వాళ్ళు ఆడుకున్న ప్లాస్టిక్ ఇటుకల్ని పాత పేపర్లతో పాటు వేసేస్తుంటే అడిగి తెచ్చింది, సండే స్కూలు పిల్లలకి ఇద్దామని. సంచి చాప మీద బోర్లిస్తే నేను కదల్లేకపోయాను. ఒకదాన్లో ఒకటి బిగిసే ఇటుకలే కాదు, పళ్ళచక్రాలు, ఇరుసులు, చిల్లుల పట్టీలు, పిన్నులు, రబ్బరు చైనులు. ఆ సంచి సండే స్కూలు దాకా పోలేదు.

నాన్నని అప్పుడప్పుడూ పిలిచే షెడ్డు ఒకటుంది. ఆ యజమానికి కాలవ పనుల గిరాకీ ఎక్కువ. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేసి పూడిక తీస్తారు కదా, మనవైపు కాలవగట్లేమో సన్నం. పొక్లెయిన్ గట్టు మీద నిలబడి పక్కకి తిరిగితే దాని వెనకభాగం వెళ్ళి చెట్టుకో, ఇంటి గోడకో కొట్టుకుంటుంది. గట్టు పనికి సరిపడేలా బండికి చెయ్యి ఒకటి తయారుచేయించాలని ఆయన ఆలోచన. డ్రాయింగులు వేసే మనిషి కోసం వెతుకుతున్నాడని నాన్న నోటే విన్నాను. మూడు మడతల చెయ్యి ఒకటి గీసి పట్టుకెళ్ళాను. తిరిగేముందు చెయ్యి దగ్గరికి ముడుచుకుంటుంది, అప్పుడు వెనక అంత బరువు అక్కర్లేదు, వెనకభాగం కురచగా పెట్టుకోవచ్చు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మిగతావాళ్ళలాగా ఆడపిల్లవి అనలేదు, అది చెప్పాలి.

“కాగితం మీద అన్నీ తిరుగుతాయమ్మా. ఏదో ఒకటి కదిలేది చేసి, నల్లమట్టి ఎత్తి చూపించు. అప్పుడు మాట్లాడదాం.”

ఇనుముతో చేసే తాహతు నాకెక్కడిది? చాప మీద ఆ ప్లాస్టిక్ కుప్ప ఉంది. దాన్తోనే చేస్తానన్నాను. ఆయన నవ్వి, పెళ్ళిళ్ళ సీజను లోపే ఒక రోజు రమ్మన్నాడు.

ఇక చూడండి నా అవస్థ. చెయ్యి పైకి లేపితే బండి ముందుకి బోర్లాపడేది. వెనక బరువు పెడితే ఇటుకలు విడిపోయేవి. నాన్నని బతిమాలి పాత బేరింగుల్లోంచి ఇనప గుండ్లు తెప్పించి వెనక డబ్బాలో పోశాను. చెయ్యి లేపటానికి హైడ్రాలిక్ కావాలి. అమ్మ నర్సింగ్ హోమ్ నుంచి తారీకు దాటిపోయిన సిరంజిలు, సెలైన్ గొట్టాలు తెచ్చిచ్చింది. నీళ్ళు నింపి, ఈ కొసన సిరంజి నొక్కితే ఆ కొసన సిరంజి సాగి చెయ్యి పైకి లేచేది. గొట్టంలో ఒక్క గాలిబుడగ ఉన్నా చెయ్యి వణికేది, దాన్తో పాటు నా ప్రాణం కూడా. చైను తిప్పటానికి మా ఇంట్లో పాడైన టేప్ రికార్డర్ మోటారు పీకాను. కడుతున్నాను, విరుగుతోంది. మళ్ళీ కడుతున్నాను. ఒకరోజు మొత్తం ఊడదీసి గోడకేసి కొట్టి, నావల్ల కాదని ఏడ్చాను. అమ్మ ఏమీ అనకుండా మంచాల కింద వెతికి ముక్కలన్నీ ఏరి పెట్టింది.

చచ్చీ చెడీ చివరికి ఒకటి నేర్చుకున్నాను. ఇనప బండిలో పిన్ను ఊడిపోకుండా బోల్టు ఉంటుంది. ప్లాస్టిక్ బండికి బోల్టులుండవు. పిన్ను చిల్లులో బిగుసుకుని నిలబడాలి, చక్రం జారిపోకుండా ఆపే బుష్షు ఇరుసు పట్టుకుని నిలబడాలి. ఆ బిగువే దాని ప్రాణం. అందుకని బాగా బిగుసుకునే పిన్నుల్ని ఏరి ఏరి చేతికి వాడాను. నా వేళ్ళ చివర్లు వాచిపోయేవి.

నాన్నకి ఇదంతా వేళాకోళం. పనికి పిలుపు లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని, ఏమ్మా, ఇవాళ ఎన్ని తట్టల మట్టి ఎత్తింది నీ బొమ్మ అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. బొమ్మ అనొద్దు నాన్నా అంటే, గ్రీజు అంటనిది బొమ్మ కాక బండి ఎట్టా అవుద్దే అని నవ్వేవాడు. ఆయన సంగతి మీకు చెప్పాలి. ఆయన చేతి కింద బాగుపడిన బండి ఏదైనా షెడ్డు దాటేముందు ప్రతి పిన్నుకీ ఆయనే స్వయంగా గ్రీజు పెట్టాలి. ఎవరు పెడతానన్నా ఒప్పుకునేవాడు కాదు. పెట్టటం అయ్యాక బండి చేతిని అరిచేత్తో తట్టి, పోయిరా అనేవాడు. అది ఆయన మొక్కు అనుకోండి. గ్రీజు గన్ను మాత్రం ఆయన సొంతం, ఇంట్లోనే మేకుకి తగిలించి ఉండేది.

రమ్మన్న రోజు రానే వచ్చింది. ముందురోజు సాయంత్రం నల్లమట్టి తట్టలో పోసి చూశాను. నిండు బకెట్ ఎత్తింది, చెయ్యి ముడిచింది, తిరిగింది, పోసింది. మళ్ళీ ఎత్తింది. అమ్మ చూసి కళ్ళు తుడుచుకుంది. నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. వేళాకోళం చెయ్యలేదు. పొద్దున నేను స్నానం చేసి, చీర కట్టుకుని వచ్చేసరికి బండిని ఆయనే అట్టపెట్టెలో పెట్టి పురికొసతో కట్టేశాడు. ఆటోలో పెట్టెని నా ఒళ్ళో పెడుతూ దాని మీద అరిచేత్తో తట్టి, పోయిరా అన్నాడు. మా నాన్న పోయిరా అనేది బండ్లకే.

షెడ్డులో బల్ల మీద తట్టెడు నల్లమట్టి పెట్టి ఉంచారు. యజమాని, ఆయన ఫోర్‌మన్, కాలవ పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన. పెట్టె విప్పి బండిని నిలబెట్టి సిరంజి నొక్కాను. చెయ్యి లేచింది. అంత నున్నగా ఎప్పుడూ లేవలేదు. కిర్రుమనలేదు, వణకలేదు. నాకే ఆశ్చర్యం వేసింది. కాంట్రాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. బకెట్ మట్టిలోకి దింపి, నింపి, పైకి లేపాను. మధ్య మడత దగ్గర పిన్ను మెల్లగా బయటికి రావటం నా కళ్ళతో నేను చూశాను. చెయ్యి ఊడి మట్టిలో పడింది.

కంగారుగా తీసి గుచ్చాను. మళ్ళీ లేపాను. ఈసారి బుష్షు ఇరుసు మీదనుంచి జారిపోయి చక్రం పక్కకి తప్పుకుంది. మళ్ళీ పెట్టాను. ఏది పెట్టినా ఇంకోటి జారుతోంది. నా వేళ్ళకి జిగురుగా ఏదో తగిలింది. వాసన చూడక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో ఉన్న వాసనే. పైకి ఒక్క మరక లేకుండా ఎంత శుభ్రంగా తుడిచాడో మహానుభావుడు. ప్రతి పిన్నుకీ పెట్టాడు. ఒక్కటీ వదల్లేదు.

ఫోర్‌మన్ ఒక పిన్ను తీసి వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

“ఎవరమ్మా దీనికి గ్రీజు పెట్టింది?”

ఒక్క మాట చాలు. మా నాన్న పెట్టాడండి, నాకు తెలీదండి అంటే అయిపోయేది. కడుక్కుని రేపు రా అనేవాళ్ళేమో. కానీ ఆ ఫోర్‌మన్ నోట్లో మాట ఆగదు. ముసలాడికి ప్లాస్టిక్‌కీ ఇనుముకీ తేడా తెలీటం లేదట అని సాయంత్రానికి ఆటోనగరంతా చెప్పుకుంటారు. ఏదో అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చే పిలుపులు కూడా పోతాయి. ఆ పిలుపు కోసం ఆయన పొద్దున్నే చొక్కా వేసుకుని అరుగు మీద ఎట్లా కూర్చుంటాడో రోజూ చూసేదాన్ని నేను.

“నేనేనండి,” అన్నాను.

యజమాని బల్ల దగ్గరనుంచి వెనక్కి జరిగాడు. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

“బిగువు మీద నిలబడేదానికి గ్రీజు పెట్టావంటే నీకింకా బండి సంగతి తెలీదమ్మా. నీకు నా డబ్బూ మనుషుల ప్రాణాలూ ఎట్టా అప్పజెప్పమంటావు? టీ తాగి వెళ్ళు.”

ఆ మాట న్యాయమే. అందుకే అంతగా కోసింది. టీ తాగలేదు. ఊడిన చేతిని మట్టితో సహా పెట్టెలో పడేసి వచ్చేశాను. ఆటో ఎక్కబుద్ధి కాలేదు. లారీల మధ్యనుంచి, ఎండలో, పెట్టె చంకలో పెట్టుకుని నడిచాను. చచ్చిపోతే బాగుండునని అనుకున్నాను. అంత మాట అనుకోవచ్చా అంటారేమో, అనుకున్నాను మరి.

నాన్న అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూసి మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

“ఎట్టా తిరిగింది? పిన్నులేమన్నా కిర్రుమన్నాయా?”

“లేదు నాన్నా. ఎక్కడా చప్పుడే లేదు.”

“ఎందుకు చేస్తయి? పొద్దున నేను గ్రీజు పెట్టాను, చూశావా?”

చూశానన్నాను. ఆయన మొహంలో ఆ గర్వం చూడలేక లోపలికి వెళ్ళిపోయాను. ఉద్యోగం సంగతి అడిగితే ఆడపిల్లని పెట్టుకోరట అని చెప్పాను. నాన్న ఆ యజమానిని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాడు. అమ్మ మాత్రం పెట్టె విప్పి, ఒక పిన్ను వేళ్ళతో పట్టుకుని చూసి, నా వంక చూసింది. ఆమెకి అర్థమైపోయింది. మళ్ళీ పెట్టె మూసి బీరువా మీద పెట్టింది.

చీరల కొట్లో చేరాను. పొద్దున్నించి నిలబడి చీర విప్పటం, చూపించటం, మడతపెట్టటం. కొన్నవాళ్ళకంటే కొననివాళ్ళే ఎక్కువ. కాళ్ళ నొప్పులు భరించొచ్చు. చేతులు ఊరికే ఉండేవి కాదు, మడతల మధ్య వేళ్ళు ఏదో బిగించటానికి వెతుక్కునేవి. దానికేం మందుంది?

పెళ్ళిళ్ళ సీజను ఇంకా అయిపోలేదు. ఒక సెలవురోజు మధ్యాహ్నం నాన్న పనిలోకని వెళ్ళినవాడు తొందరగా తిరిగొచ్చేశాడు. చొక్కా విప్పలేదు, నీళ్ళు అడగలేదు. బీరువా మీదనుంచి పెట్టె దించి నా ముందు పెట్టి కింద కూర్చున్నాడు. ఆయన కింద కూర్చోవటం మానేసి చాలా కాలమైంది.

టీ కొట్టు దగ్గర ఎవరో ప్లాస్టిక్ బండికి గ్రీజు పెట్టిన ఇంజనీరమ్మ అని కథలాగా చెప్పి నవ్వుతున్నారట. చెబుతున్నవాడికి నాన్న అక్కడున్నాడని తెలీదు.

“నేనే పెట్టానని చెప్పాను,” అన్నాడు నాన్న. “అందరికీ చెప్పాను. ఆ యజమాని షెడ్డుకి కూడా వెళ్ళి చెప్పాను. ఎవడూ నమ్మలేదమ్మా. కూతుర్ని వెనకేసుకొస్తున్నావా పెద్దాయనా అని భుజం తట్టారు.”

ఆ షెడ్డులో అప్పటికే ఇంకొకర్ని పెట్టుకున్నారని కూడా ఆయనే చెప్పాడు. అమ్మ వంటింట్లోంచి సబ్బునీళ్ళ బేసిను తెచ్చి మా మధ్య పెట్టి వెళ్ళింది. నాన్న ఒక్కొక్క పిన్నూ తీసి, నీళ్ళలో వేసి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దటం మొదలుపెట్టాడు. కొన్ని బుష్షులకి అప్పటికే గ్రీజు వల్ల చీలికలు వచ్చాయి. వాటిని విడిగా గుడ్డ మీద పెట్టాడు. నేనూ ఒక బ్రష్షు తీసుకున్నాను.

చివరికి ఒక పిన్ను ఆరబెట్టి, చిల్లులో గుచ్చి, లాగి చూశాడు. అది రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. అయినా రాలేదు. అప్పుడు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ బండి సంగతి చెప్పమని నన్ను అడగని మా నాన్న, తల వంచుకునే అడిగాడు.

“గ్రీజు లేకుండా ఇది ఎట్టా తిరుగుద్దమ్మా? నాకు చెప్పు.”

తెల్లారితే నేను కొట్టుకి వెళ్ళాలి. చీర విప్పాలి, చూపించాలి, మడతపెట్టాలి. ఆ బండి ఇక ఎవరూ చూడరు. అయినా ఆయన పక్కకి జరిగి కూర్చుని, మొదటి పిన్ను దగ్గరనుంచి చెప్పాను.