అవ్వ తెచ్చిన కుడితి తొట్టి

గిద్దలూరులో మా చర్చి ఊడ్చే అవ్వ, తప్పు ఎవరిదైనా "నాదేలే" అనేది. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు బాలయేసు బొమ్మను పడుకోబెట్టడానికి నిజమైన పశువుల తొట్టి తెమ్మని ఆమెను అడిగింది నేనే.

"మా బర్రె కుడితి తాగేదాంట్లోనా అమ్మా! అయితే మా కొట్టంలోకీ వచ్చుండేవాడే ఆయన!" అని అవ్వ మురిసిపోయింది. తొట్టిని బూడిదతో తోమి, నెత్తిన మోసుకొచ్చింది.

సంఘపెద్ద ముక్కు మూసుకున్నాడు. "కర్నూలు నుంచి పెద్దలొస్తాంటే ఈ కుడితి కంపేంది? ఎవరు తెమ్మనింది?"

నేను చదవాల్సిన అధ్యాయం వెతుకుతున్నట్టు బైబిలు తిరగేశాను.

"తప్పు నాదేలే పెద్దయ్యా," అంటూ అవ్వ తొట్టిని మళ్లీ నెత్తికెత్తుకుంది.

బొమ్మను పట్టుగుడ్డ పరిచిన బల్లమీద పెట్టారు. ప్రభువును సత్రంలో చోటులేక తొట్టిలో పడుకోబెట్టిన అధ్యాయాన్ని, ఆ బల్ల పక్కనే నిలబడి నేను తడబడకుండా చదివాను. అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు క్షమించమని అడగబోయాను.

"చదువుకునే పిల్లవు, నలుగుర్లో నీ మాట పోతే ఎట్లమ్మా?" అంది అవ్వ, మెట్లు ఊడుస్తూనే.

ఒక్క తిట్టు తిట్టింటే తేలికపడి ఇంటికి పోయేదాన్ని.